యంగ్ అడల్ట్ నవల ఎలా కొనాలి, ఎలా చదవాలి (హైదరాబాద్ వాళ్ళ కోసం)

మొన్న లిఫ్టులో మూడో ఫ్లోర్ ఆవిడ అడిగారు. అంతకు వారం ముందు ఆఫీసులో ఒకాయన. దానికి ముందు ఒక పెళ్ళిలో భోజనాల దగ్గర వరసకు వదినయ్యే ఆవిడ. ప్రశ్న ఒక్కటే, "మా పిల్లకి ఇంగ్లిష్ నవలలు అలవాటు చేద్దామనుకుంటున్నాం, ఏవి కొనమంటారు?" ఏవి అని అడుగుతారు కానీ తిప్పలన్నీ ఎలా కొనాలి అన్న దగ్గరే ఉన్నాయి. లిస్టు ఇస్తే ఫోన్లో దాచుకుని, ఉన్నవన్నీ ఒకేసారి ఆర్డర్ పెట్టేసి, మూడు నెలలయ్యాక "ముట్టుకోవడమే లేదండీ" అని నాకే చెప్తారు. అందుకే ఈసారి లిస్టు ఇవ్వను, పద్ధతి చెప్తాను.

యంగ్ అడల్ట్ అంటే సుమారు 12 నుంచి 18 ఏళ్ళ వాళ్ళ కోసం రాసే నవలలు. కథ నడిపేది ఆ వయసు వాళ్ళే. దానికి కింది మెట్టు, అంటే 8 నుంచి 12 ఏళ్ళ వాళ్ళ పుస్తకాల్ని మిడిల్ గ్రేడ్ అంటారు. మనకు తెలుగులో ఈ మెట్టు విడిగా లేదు, మా తరం చందమామ, బాలమిత్ర, బొమ్మరిల్లు అయిపోగానే అమ్మ చదివే వారపత్రిక సీరియల్లోకి దొంగచాటుగా దూకేసింది. ఇంతకు మించి థియరీ అక్కర్లేదు. నాకు ముప్ఫై ఎనిమిదేళ్ళు, ఈ నవలలు ఇంకా చదువుతూనే ఉన్నాను. కాబట్టి మీ కోసమే కొనుక్కుంటున్నా సిగ్గుపడకండి, పద్ధతి ఇదే.

కావలసినవి

- చదవబోయే మనిషి. నవ్వకండి, సగం పుస్తకాలు మూలపడేది చదివేవాళ్ళు ఇంట్లో ఉండగా వేరేవాళ్ళు వెళ్ళి కొనబట్టే.
- మూడు నాలుగు వందలు, చిల్లరగా. యాభైలు, వందలు.
- ఫోన్, అందులో డేటా.
- గుడ్డ సంచి. వానాకాలమైతే లోపల ఒక ప్లాస్టిక్ కవర్ కూడా.
- పెన్సిల్, పాత పెళ్ళికార్డు ముక్క ఒకటి. ఎందుకో తర్వాత చెప్తాను.
- రోజుకు అరగంట.

1. ముందు చదివే మనిషి స్థాయి చూడండి

ఏ తరగతి అన్నది పక్కన పెట్టండి. పెద్ద పేరున్న స్కూల్లో తొమ్మిదో తరగతి చదువుతూ ఇంగ్లిష్ కథ రెండు పేజీలు సాఫీగా చదవలేని పిల్లలున్నారు, ఏడో తరగతిలోనే నాలుగొందల పేజీలు నమిలేసే వాళ్ళూ ఉన్నారు. తేలికైన పరీక్ష ఒకటుంది. నవల మధ్యలో ఏదో ఒక పేజీ తీయండి. మొదటి పేజీ వద్దు, దాన్ని ఎవరైనా జాగ్రత్తగానే రాస్తారు. పిడికిలి మూసి చదవడం మొదలుపెట్టి, అర్థం కాని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు తెరవమనండి. మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు, తిండి పేర్లు లెక్కలోకి రావు. పేజీ అయ్యేసరికి రెండు మూడు వేళ్ళు తెరుచుకుంటే సరిగ్గా సరిపోయే పుస్తకం. ఐదూ తెరుచుకుంటే ఇప్పటికి వద్దు. ఒక్క వేలూ తెరుచుకోకపోతే చదవొచ్చు, హాయిగా చదవొచ్చు, "సులువైనది చదివితే ఇంగ్లిష్ ఏం పెరుగుతుంది" అని మీరు మాత్రం అనకండి.

ఐదు వేళ్ళ బాపతైతే రెండు దారులు. మిడిల్ గ్రేడ్‌కి దిగండి. లేదా ముందు తెలుగులో చదివే అలవాటు చేయండి, తార్నాకలో "మంచి పుస్తకం" అనే ప్రచురణ సంస్థ వాళ్ళు పిల్లల కోసం వేసిన పుస్తకాలు, అనువాదాలు చాలా ఉన్నాయి. చదివే అలవాటు అంటూ పడితే భాష మారడం పెద్ద విషయం కాదు. మా మేనకోడలు అలాగే మొదలుపెట్టింది.

2. ఒక్కటే కొనండి

నాలుగు భాగాల సెట్టు డిస్కౌంట్‌లో కనిపిస్తుంది. విడిగా కొంటే ఇంత, కలిపి కొంటే అంత అని లెక్కేసుకుంటాం. ఆ లెక్కలో మొదటి భాగమే నచ్చకపోతే ఏంటన్నది ఉండదు. మా ఇంట్లో ఒక సెట్టు ప్లాస్టిక్ కాగితం కూడా విప్పకుండా మూడేళ్ళుగా టీవీ స్టాండ్‌కి అందం తెస్తోంది. నేనే కొన్నాను.

3. ఎక్కడికి వెళ్ళాలి

మొదటి ఓటు ఆదివారం ఆబిడ్స్‌కే. ఆదివారం షాపులు షట్టర్లు దించేస్తాయి కదా, ఆ షట్టర్ల ముందు ఫుట్‌పాత్ పొడుగునా పుస్తకాలు పరుస్తారు. మెట్రోలో వస్తే రెడ్ లైన్‌లో నాంపల్లిలో గానీ గాంధీభవన్‌లో గానీ దిగి నడవండి, లేదా ఆటో పట్టుకోండి. కారులో వస్తే పార్కింగ్ వెతుక్కునేసరికి పుస్తకాల మీద ఆశ చచ్చిపోతుంది. పది, పదకొండు మధ్య వెళ్ళడం మంచిది. మరీ పొద్దున్నే అయితే ఇంకా మూటలు విప్పుతుంటారు, మధ్యాహ్నానికి ఎండ మాడ్చేస్తుంది, మంచివి కూడా వెళ్ళిపోయి ఉంటాయి. ఒక సంగతి గుర్తు పెట్టుకోండి, యంగ్ అడల్ట్ అని విడిగా గుట్ట ఉండదు. "పిల్లల పుస్తకాలున్నాయా" అంటే బొమ్మల పుస్తకాలు చూపిస్తారు, "నవల్స్" అంటే పెద్దవాళ్ళ థ్రిల్లర్లు చూపిస్తారు. మీకు కావలసినవి రెండింటి మధ్యలో ఎక్కడో ఉంటాయి. నా అనుభవంలో ఎక్కువసార్లు దొరికింది థ్రిల్లర్ల గుట్ట అడుగునే. నిలబడి వంగి వెతికితే నడుం పట్టేస్తుంది, గొంతుక్కూర్చుని వెతకండి.

కోఠి పేరు అందరూ చెప్తారు. వెళ్ళొచ్చు కానీ అక్కడి పాత పుస్తకాల షాపుల్లో ఎక్కువగా ఇంజనీరింగ్, మెడిసిన్, పోటీ పరీక్షల పుస్తకాలే. నవల కోసం ప్రత్యేకంగా బయల్దేరితే నిరాశే. గైడ్ కొనే పని ఉంటే పనిలో పనిగా చూసి రండి.

బుక్ ఫెయిర్ మామూలుగా డిసెంబర్‌లో, ఇందిరా పార్క్ దగ్గర ఎన్టీఆర్ స్టేడియంలో పెడతారు. ఇంగ్లిష్ సెకండ్‌హ్యాండ్ స్టాళ్ళు ఉంటాయి, ఒక బల్ల మీద ఉన్నవన్నీ ఒకే రేటు అన్నట్టు పెడతారు. పిల్లల్ని తీసుకెళ్ళడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు, శనాదివారాలు మాత్రం వద్దు, జనం తోసుకుంటూ ఉంటే పేజీ తిప్పి చూసే వీలుండదు.

కిలో లెక్కన అమ్మే సేల్స్ అప్పుడప్పుడు పెడుతుంటారు. అక్కడొక కిటుకుంది. 300 పేజీల మామూలు పేపర్‌బ్యాక్ సుమారు పావు కిలో నుంచి 300 గ్రాములు తూగుతుంది, గట్టి అట్టదైతే అర కిలో దాటిపోవచ్చు. అదే కథకు రెట్టింపు డబ్బు కడుతున్నట్టు. పైగా కిలో అనేసరికి మన చెయ్యి ఆగదు, చిక్కుడుకాయలు ఏరినట్టు ఏరేస్తాం. రెండో మెట్టు గుర్తు చేసుకోండి.

ఇక కొత్త పుస్తకమే కావాలంటే మాల్ షాపులు, ఆన్‌లైన్. మన దేశంలో ఈ వయసు వాళ్ళ కోసం వేసేవాళ్ళలో డక్‌బిల్, టాకింగ్ కబ్, తూలిక పేర్లు చూసుకోండి. స్కూల్ కష్టాలు, కోచింగ్ గొడవలు, బామ్మలు, ఆటోలు ఉన్న కథలు కావాలంటే ఇక్కడే దొరుకుతాయి. అమెరికా పిల్లల కథలతో మొదలుపెట్టి ఆగిపోయిన వాళ్ళు ఇలాంటిదాంతో మళ్ళీ మొదలుపెట్టి గట్టెక్కడం నేను చూశాను.

అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, అదే 1891లో మొదలైన పాత ఆసఫియా, ఒకసారి పిల్లలకి చూపించండి, ఆ భవనం చూడ్డానికైనా. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ మాత్రం పోటీ పరీక్షలకు చదివేవాళ్ళతో కిటకిటలాడుతుంది, అక్కడ కూర్చుని నవల చదువుతుంటే మనకే ఏదో తప్పు చేస్తున్నట్టు ఉంటుంది.

4. అట్ట చూసి వయసు లెక్కేయకండి

తల్లిదండ్రులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఈ మధ్య పెద్దవాళ్ళ ప్రేమ నవలలకి కూడా లేత రంగుల్లో, బొమ్మలు గీసిన ముద్దొచ్చే అట్టలు వేస్తున్నారు. చూస్తే ఎనిమిదో తరగతి పిల్ల పుస్తకంలా ఉంటుంది, లోపల పడకగది దృశ్యాలు వివరంగా ఉంటాయి. ఒకాయన తన కూతురి పుట్టినరోజుకి అలాంటిదే కొనిచ్చి, ఆ పిల్లే తెచ్చి "నాన్నా, ఇది నువ్వు చదివావా?" అని అడిగితే ఏం చెప్పాలో తెలియక నీళ్ళు నమిలాడు.

చూసుకోవడం కష్టం కాదు. వెనక అట్ట మీద కథానాయిక వయసు వెతకండి, పదహారు, పదిహేడు అంటే సరే. ఉద్యోగం, బాస్, పెళ్ళి కావలసిన వయసు లాంటి మాటలుంటే అది పెద్దవాళ్ళ పుస్తకం. కాలేజీ వయసు ప్రేమకథలకి న్యూ అడల్ట్ అని ఇంకో పేరుంది, వినడానికి దగ్గరగా ఉన్నా అది వేరు. అమెరికా ప్రింట్లలో వెనక అట్ట మీదో, లోపలి మడత మీదో "ఏజెస్ 12 అండ్ అప్", "14 అండ్ అప్" అని చాలాసార్లు ఉంటుంది. ఇవేవీ దొరక్కపోతే కామన్ సెన్స్ మీడియా సైట్లో పేరు కొట్టండి, ఏ వయసుకి తగింది, లోపల ఏమేం ఉన్నాయి అన్నది విడివిడిగా రాసి ఉంటుంది.

అలాగని యంగ్ అడల్ట్ అంతా చక్కెర పాకం అనుకోకండి. చావు, తాగుడు, ఇంట్లో హింస, ఆత్మహత్య ఆలోచనలు అన్నీ వస్తాయి, ముఖ్యంగా 14 పైన అన్న వాటిలో. లాక్కుని బీరువాలో పెడితే ఫోన్లో చదువుతారు. ముందు మీరు చదవండి, లేదా వాళ్ళతో పాటు చదవండి.

5. డబ్బులివ్వక ముందు పుస్తకాన్ని ఒలిచి చూడండి

పాత పుస్తకమైనా, ఫుట్‌పాత్ మీద కొత్తగా మెరిసేదైనా, ఆన్‌లైన్లో వచ్చిందైనా ఇదే తనిఖీ. మూడు నిమిషాల పని.

ముందు పేజీలు. పుస్తకాన్ని ఒక్కో కాగితంగా అంటించరు, పెద్ద కాగితం మీద పేజీలన్నీ కలిపి అచ్చేసి మడిచి ఫారాలుగా కలుపుతారు. ఫారం అంటే మామూలుగా 16 పేజీలు, కొన్నిసార్లు 32. అందుకే పేజీలు పోతే ఒకటీ రెండూ పోవు, గుత్తగా పోతాయి, లేదా అవే పేజీలు రెండుసార్లు వస్తాయి. నేను ఒక ఆన్‌లైన్ సైట్లో చవగ్గా వచ్చిందని తెప్పించుకున్న నవలలో 96 తర్వాత 113 వచ్చింది. సరిగ్గా ఒక ఫారం. ఆ పిల్ల ఇంట్లోంచి పారిపోయే రాత్రి అంతా ఆ పదహారు పేజీల్లోనే ఉందట, నాకు మాత్రం అన్నం తింటున్న పిల్ల పేజీ తిప్పగానే రైల్లో కనిపించింది. కాబట్టి పేజీ నంబర్లున్న మూల మీద బొటనవేలు పెట్టి జారవిడుస్తూ చూడండి, ప్రతి పదిహేను ఇరవై పేజీలకూ ఒకసారి ఆగి నంబర్ కలుస్తోందో లేదో చూసుకోండి. చివరి పేజీ ఉందో లేదో తప్పకుండా చూడండి. సెకండ్‌హ్యాండ్‌లో అన్నిటికంటే ముందు ఊడిపోయేది అదే.

తర్వాత డూప్లికేట్ సంగతి. ఒరిజినల్ కాదని చెప్పే గుర్తులు ఇవి: కాగితం పల్చగా ఉండి వెనక పేజీ అక్షరాలు ఇటు కనిపిస్తాయి. అచ్చు నల్లగా కాకుండా బూడిద రంగులో, జిరాక్స్ తీసినట్టు ఉంటుంది. కొన్ని పేజీల్లో వరసలు ఒక పక్కకి ఒరిగి ఉంటాయి. అట్ట మీద బొమ్మ మసకగా, పేరు అంచులు గరుగ్గా. పుస్తకం వెన్ను మీద పేరు మధ్యలో లేకుండా ఒక వైపుకి జరిగి ఉంటుంది. పుస్తకాన్ని మధ్యకి తెరిస్తే జిగురు చిటపటమంటుంది. వీటిలో ఒక్కటే ఉంటే కంగారు పడకండి, మంచి ప్రచురణకర్తలు కూడా చౌక కాగితం వాడతారు. మూడు కలిసి వస్తే కింద పెట్టేయండి.

ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాన్ని గుర్తుపట్టే నంబర్, చూడమని చాలామంది చెప్తారు. వెనక బార్‌కోడ్ దగ్గర 13 అంకెల సంఖ్య ఉంటుంది, లోపల ప్రచురణ వివరాలున్న పేజీలో కూడా ఉంటుంది. రెండూ ఒకటే కావాలి, కాకపోతే అనుమానించండి. కలిసినంత మాత్రాన ఒరిజినల్ అని కాదు, నకలు తీసేవాడు ఆ నంబర్ కూడా నకలు తీస్తాడు కదా. దీని అసలు ఉపయోగం వేరు. ఆ నంబర్ ఫోన్లో కొడితే మీ చేతిలో ఉన్నది పూర్తి నవలా, కుదించిందా, ఎన్ని పేజీలు ఉండాలి అన్నది తెలుస్తుంది. అక్కడ 374 అని ఉండి మీ దాంట్లో 290 ఉంటే అడగాల్సిన విషయమే. లెక్కల సరదా ఉన్న పిల్లలకి ఇంకోటి. మొదటి పన్నెండు అంకెల్ని వరసగా 1తో, 3తో, మళ్ళీ 1తో, 3తో గుణిస్తూ కూడమనండి, దానికి చివరి అంకె కలిపితే మొత్తం పదితో నిశ్శేషంగా పోవాలి. ఉదాహరణకి 9780306406157 తీసుకోండి. పన్నెండు అంకెలకి 93 వస్తుంది, చివరి 7 కలిపితే 100. మా మేనకోడలు ఆబిడ్స్‌లో నేను బేరమాడుతుంటే పక్కన కూర్చుని ఇదే చేస్తుంది.

చివరగా వాసన. పుస్తకం తెరిచి ముక్కు దగ్గర పెట్టుకోండి. పాత కాగితం వాసన మంచిదే, చెమ్మ వాసన మంచిది కాదు. పేజీల్లో సన్నటి చిల్లులు, గోధుమరంగు పొడి కనిపిస్తే ఎంత చవకైనా వద్దు, ఆ పురుగు మీ ఇంట్లో మిగతా పుస్తకాల్ని కూడా తింటుంది.

6. పది పేజీలు అక్కడే చదవండి

చదివే మనిషిని కూర్చోబెట్టి పది పేజీలు చదవనివ్వండి. అమ్మేవాళ్ళు ఏమీ అనుకోరు, కొనేవాళ్ళే కొనకముందు చదువుతారని వాళ్ళకి తెలుసు. ఈలోగా మీరు పక్క గుట్ట చూడండి, భుజం మీంచి తొంగి చూడకండి. పదో పేజీ దగ్గర ఆపి "ఇంక చాలు, వెళ్దాం" అనండి. "ఆగు మామయ్యా, ఒక్క నిమిషం" అన్నారంటే కొనేయండి. పుస్తకం టక్కున మూసేసి లేచారంటే ఎంత గొప్ప బహుమతి వచ్చిన పుస్తకమైనా అక్కడే వదిలేయండి. నేను ఇన్నేళ్ళలో చూసిన పరీక్షల్లో ఇంతకన్నా నమ్మకమైనది లేదు.

ఈ-బుక్ అయితే కిండిల్‌లో శాంపిల్ ఉచితంగా దిగుతుంది, అదే చదివించండి. కాగితం పుస్తకం ఆన్‌లైన్లో కొంటున్నా ముందు ఆ శాంపిల్ చదివాకే కొనండి.

7. బేరం

మొదట చెప్పిన రేటుకి సగం అడిగి, ఆ రెండింటి మధ్యలో ఎక్కడో తేల్చుకోండి. నచ్చిన పుస్తకాన్ని గుండెలకి హత్తుకుని బేరమాడితే తగ్గించరు, ఇంకో రెండింటితో కలిపి పట్టుకుని అడగండి. హిందీలోనో, ఉర్దూలోనో రెండు ముక్కలు మాట్లాడితే పని తేలికవుతుంది. ఇరవై రూపాయల కోసం అరగంట వాదించకండి, ఆయనా ఎండలోనే ఉన్నాడు.

8. ఆన్‌లైన్లో అయితే

అమ్మేది ఎవరో చూడండి, సైట్ పేరు కాదు, దాని కింద చిన్నగా ఉండే అమ్మకందారు పేరు. ఐదొందల ధర ఉన్న కొత్త నవల తొంభై తొమ్మిదికి ఇస్తున్నారంటే అది దాదాపు డూప్లికేటే. రివ్యూల్లో స్టార్లు వదిలేసి, కొన్నవాళ్ళు పెట్టిన ఫొటోలు చూడండి. పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తీసుకోండి, వచ్చిన రోజే ఐదో మెట్టులో చెప్పిన తనిఖీ చేయండి. నేను ఆ పదహారు పేజీల సంగతి కనిపెట్టేసరికి వాపసు గడువు దాటి నాలుగు రోజులైంది, ఎందుకంటే ముందు చదవాల్సినవి రెండున్నాయని దాన్ని పక్కన పెట్టాను.

9. సిరీస్ అయితే వరస చూసుకోండి

ఫుట్‌పాత్ మీద రెండో భాగాలు దొరికినన్ని మొదటి భాగాలు దొరకవు. నా దగ్గర ఐదు సిరీస్‌ల రెండో భాగాలున్నాయి, మొదటివి ఒక్కటీ లేదు. లోపల మొదటి పేజీల్లో అదే రచయిత ఇతర పుస్తకాల లిస్టు ఉంటుంది, వరస అక్కడ తెలుస్తుంది.

ఇంకో చిక్కు, కథలో ముందు జరిగింది తర్వాత రాయడం. హంగర్ గేమ్స్‌నే తీసుకోండి, మొదటి మూడు 2008, 2009, 2010లో వచ్చాయి. తర్వాత 2020లో ఒకటి, 2025లో ఒకటి వచ్చాయి, ఆ రెండూ మొదటి భాగం కంటే ఎన్నో ఏళ్ళ ముందు జరిగిన కథలు. "కాలం వరసలో చదువుదాం" అని 2020ది ముందు పట్టుకుంటే సగం మెరుపులు అర్థం కావు. ఎప్పుడూ వచ్చిన వరసలోనే చదవండి.

ఒకే పుస్తకం రెండు పేర్లతో ఉండొచ్చు కూడా. ఫిలిప్ పుల్‌మన్ నవల బ్రిటన్‌లో నార్తర్న్ లైట్స్, అమెరికాలో ది గోల్డెన్ కంపస్. ఒకటి చదివాం, ఇది రెండోది అనుకుని కొనేసేవాళ్ళున్నారు.

10. ఇంటికి తెచ్చాక

పాత పుస్తకాన్ని నేరుగా అలమరలో పెట్టకండి. పొడి గుడ్డతో తుడిచి, విప్పార్చి ఫ్యాన్ కింద ఒక రోజు ఉంచండి. ఎర్రటి ఎండలో పెడితే జిగురు ఎండిపోయి పేజీలు ఊడతాయి. అలమరలో ఎండిన వేపాకు వేస్తే బాగుంటుంది, కలరా ఉండలు వేస్తే పురుగు రాదు కానీ పుస్తకం తెరిచిన ప్రతిసారీ తలనొప్పి వస్తుంది.

11. ఇప్పుడు చదవడం

ఆ పెళ్ళికార్డు ముక్క తీయండి. అదే బుక్‌మార్క్, దాని వెనక కొత్త మనిషి వచ్చినప్పుడల్లా పేరు, ఎవరో ఒక్క ముక్కలో రాసుకోవాలి. "జెస్: అక్క, కోపిష్టి." అంతే. ఇంగ్లిష్ నవల మధ్యలో వదిలేసేవాళ్ళు చాలామంది భాష రాక కాదు, ఎవరెవరో గుర్తులేక వదిలేస్తారు. రాజ్యాలు, మాయలు ఉన్న కథలకైతే ఇది లేకుండా నడవదు.

డిక్షనరీ ప్రతి మాటకీ తీయొద్దు. తెలియని మాట కింద పెన్సిల్‌తో చుక్క పెట్టి ముందుకి పోవాలి, అధ్యాయం అయ్యాక బాగా అడ్డుపడిన మూడు మాటలు మాత్రమే చూసుకోవాలి. మూడే.

అమెరికా స్కూల్ కథల్లో తరగతుల పేర్లు మనల్ని తికమక పెడతాయి, ఈ లెక్క కూడా కార్డు మీద రాసుకోండి. ఫ్రెష్‌మ్యాన్ అంటే తొమ్మిదో తరగతి, సోఫమోర్ అంటే పదో తరగతి, జూనియర్ అంటే మన ఇంటర్ ఫస్ట్ ఇయర్, సీనియర్ అంటే సెకండ్ ఇయర్. మా మేనకోడలు సగం నవల దాకా జూనియర్ అంటే ఎల్‌కేజీ పిల్ల అనుకుని, ఆ పిల్ల కారు నడుపుతోందేంటని తల పట్టుకుంది. అక్కడ చాలా రాష్ట్రాల్లో పదహారేళ్ళకే లైసెన్స్ ఇస్తారు, అదీ చెప్పాల్సి వచ్చింది.

ఎంత చదవాలంటే, కొత్తగా మొదలుపెట్టిన వాళ్ళకి పేజీకి రెండు నిమిషాలు పడుతుంది. అరగంటకి పదిహేను పేజీలు. వారానికి ఐదు రోజులు చదివితే 75, మూడొందల పేజీల నవల నాలుగు వారాల్లో అయిపోతుంది. ఉద్యోగస్తులైతే మెట్రో ప్రయాణం చాలు, సీటు దొరక్కపోయినా పేపర్‌బ్యాక్ ఒక చేత్తో పట్టుకుని చదవొచ్చు. గట్టి అట్ట వద్దన్నది ఇందుకు కూడా.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే

సినిమా చూశాక పుస్తకం కొనడం. చూసిన కథే కాబట్టి చదువుతారనుకుంటాం, చాలామంది యాభై పేజీల్లో ఆపేస్తారు. కొత్తవాళ్ళకి మటుకు చూడని కథే మేలు. సినిమా బొమ్మ అట్ట మీద ఉన్న ప్రింటు చూసి మాత్రం భయపడకండి, లోపల అదే నవల, సెకండ్‌హ్యాండ్‌లో పైగా చవక.

చదివాక ప్రశ్నలు వేయడం. "నీతి ఏంటి? కొత్త మాటలు ఎన్ని నేర్చుకున్నావు?" అన్నారంటే అది ట్యూషన్ అయిపోయింది, ఇంకో పుస్తకం ముట్టుకోరు.

పరీక్షల ముందు కొనడం. ఫిబ్రవరిలో కొని మార్చిలో లాక్కుంటారు. పెద్ద పరీక్షలు అయ్యేదాకా ఆగండి, వేసవి సెలవుల మొదటి వారమే సరైన ముహూర్తం.

ఇక అందరూ మెచ్చుకున్న పుస్తకం కదా అని పళ్ళు బిగించి చదివించడం. యాభై పేజీలు అయ్యాక కూడా బుక్‌మార్క్ మూడు రోజులు కదలకపోతే ఆపించేయండి. ఆ పుస్తకం చెడ్డదనీ కాదు, పిల్ల బద్ధకమనీ కాదు, కుదరలేదు అంతే.

పని జరుగుతోందా లేదా ఎలా తెలుస్తుంది

మూడు అధ్యాయాలయ్యాక, అన్నం తినేటప్పుడు ఊరికే "ఇంతకీ ఏమైంది ఆ పిల్లకి?" అనండి. తెలుగులో నాలుగైదు వాక్యాల్లో చెప్పగలిగితే అర్థమవుతోందని లెక్క. చెప్తూ చెప్తూ రచయితని తిడితే ఇంకా మంచిది. "ఏదో స్కూల్, ఏదో గొడవ" అని నసిగితే స్థాయి ఎక్కువైంది, మొదటి మెట్టుకి వెళ్ళండి. పెన్సిల్ చుక్కలు కూడా చూడండి, మొదటి అధ్యాయంలో ఇరవై ఉండి పదో అధ్యాయంలో ఏడెనిమిది ఉంటే బాగా నడుస్తోంది. చుక్కలు అసలు లేకపోతే పుస్తకం తెరవట్లేదేమో కూడా చూసుకోండి.

కుదరని పుస్తకాన్ని, చదివేసిన పుస్తకాన్ని ఏం చేయాలని కూడా అడుగుతుంటారు. ఆబిడ్స్‌లో నేను ఎప్పుడూ కొనే ఆయన తన దగ్గర కొన్నదైతే సగం ధరకి వెనక్కి తీసుకుంటాడు, ఇంకోటి కొంటేనే. అందరూ తీసుకోరు, కొనేటప్పుడే అడిగి పెట్టుకోండి. పెన్సిల్ చుక్కలు రబ్బరుతో చెరిపేసి తీసుకెళ్ళండి, పెన్నుతో పేరు రాసి ఉంటే పది రూపాయలు తగ్గిస్తాడు.